తెగడానికి వేసిన కుట్టు

పనిబట్టల దుకాణంలో వడ్రంగి తన ఊతకర్రను బల్లకు ఆనించి, మూడో ప్యాంటును వెలుతురుకు ఎత్తి చూశాడు. ఐదు నెలలు మంచాన ఉన్న మనిషి, సోమవారం మళ్లీ పనిలోకి వెళ్లాలి. పక్కనే నిలబడిన భార్య చూపు మాత్రం ఆ ప్యాంటు కాలి అంచును దాటి రావడం లేదు.

“దళసరి డెనిమ్ మేస్త్రీ. మోకాళ్ల దగ్గర రెండు పొరలు, పక్కన జంట కుట్టు,” అన్నాడు దుకాణదారు. “మీరో కాలు, నేనో కాలు పట్టుకుని లాగితే మనం పడాలిగానీ ఇది చిరగదు.”

“చిరిగేది ఉందా?” అని అడిగిందామె.

“ముప్పై ఏళ్లలో ఈ బేరం ఎవరూ అడగలేదమ్మా. మేస్త్రీ మీద అంత కోపమా?”

వడ్రంగి నవ్వలేదు.

ప్యాంటు అంచు మర బెల్టులో చిక్కి కాలిని లాగేసిన ఆ ప్రమాదానికి అందరూ చెప్పుకునే కారణాలు రెండు. చెక్కను నునుపు చేసే చిత్రిక మర కింద తిరిగే బెల్టుకు ఉండవలసిన రేకు మూతను నూనె వేయడానికి తీసినవారు తిరిగి బిగించలేదు. అతని ప్యాంటు రెండంగుళాలు పొడవు. మూడోది ఆమె మనసులోనే ఉండిపోయింది. అంతకు నెల ముందు అతను కాలి అంచు చిరిగిన ప్యాంటుతో ఇంటికి వస్తే, ఎలా చిరిగిందని అడగకుండానే లోపల కాన్వాసు పట్టీ పెట్టి మూడు వరుసలు కుట్టింది. ఆసుపత్రిలో ఆ ప్యాంటును మూటగట్టి ఆమె చేతికిచ్చినప్పుడు, గుడ్డంతా పీలికలై ఉంది. ఆ అంచు మాత్రం చెక్కుచెదరలేదు.

“నేను ఆ పట్టీ వేయకపోతే మీ మడమ నుజ్జయ్యేది కాదండీ,” అంది.

అతను ప్యాంటును మెల్లగా మడత పెట్టాడు.

“మొదటిసారి చింపింది కూడా ఆ బెల్టే. చెబితే పని మానమంటావని నీకు చెప్పలేదు. మూత బిగించమని వాళ్లనూ అడగలేదు. నీ పట్టీ దాకా ఎందుకు?”

దుకాణదారు ఉన్నట్టుండి అటువైపు పెట్టెలు సర్దుకోసాగాడు.

“పల్చటిది తీసుకుంటే మోకాళ్ల దగ్గర నెలకే చిరుగుతుంది. చెక్క పేళ్లు గుచ్చుకుంటాయి,” అన్నాడు వడ్రంగి.

ఆమె ఆ ప్యాంటు అంచును వేళ్ల మధ్య నలిపి చూసింది. “ఇదే కట్టివ్వండి,” అంది చివరకు.

ఆదివారం ఉదయం ఆమె కిటికీ దగ్గర కూర్చుని, కొత్త ప్యాంటు కాళ్లు రెండింటినీ మోకాలి కింద అడ్డంగా కత్తిరించింది. పొడవు రెండంగుళాలు తగ్గించింది. కింది ముక్కల పక్క కుట్లు విప్పి, సన్నని నూలు దారంతో దూరదూరంగా కుట్టి, అదే దారంతో వాటిని మళ్లీ పైభాగానికి కలిపి కుట్టింది.

“కొత్త గుడ్డను ఇలా నరికేవాళ్లను నేనెక్కడా చూడలేదు,” అన్నాడతను, తొడుక్కుంటూ.

“లాగండి.”

అతను కుర్చీలో కూర్చుని, అంచు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. కింది ముక్క కాలి నుంచి ఊడి చేతిలోకి వచ్చింది. ఆమె దాన్ని తీసుకుని సూదిలో దారం ఎక్కించింది.

సోమవారం సాయంత్రం అతను ఇంట అడుగు పెట్టగానే, ఆమె వంగి ఆ కుట్టును వేళ్లతో తడిమింది. దారంలో రంపపు పొట్టు ఇరుక్కుని ఉంది. ఎక్కడా తెగలేదు.

“మూత?”

“నేనే బిగించాను. ఆ తర్వాతే మర తిప్పనిచ్చాను.”

ఆమె ఆ ప్యాంటును ఉతికి ఆరవేసింది. నానినచోట దారంలో రెండు పోగులు వదులయ్యాయి. మళ్లీ అదే సన్నని దారంతో కుట్టింది.