పదో బంతి

ఆదివారం ఆటలో జట్టు ఓడిపోతే సోమవారం ఆ సరస్సు ఒడ్డు ఊళ్ళో డోనట్ కొనుక్కోవాలన్నా గుండె ధైర్యం కావాలి. డెస్మండ్ ప్రూయిట్ టోపీని కళ్ళ మీదికి లాక్కుని వెళ్ళినా కొట్టావిడ ఇట్టే ఆనవాలు పట్టేసింది.

"మీ తాతకి చెప్పు నాయనా! ముప్పై ఎనిమిది గజాలేగా? మా నానమ్మ చేతికర్ర పట్టుకునైనా వేసేసేది ఆ గోలు."

వరుసలో నిలబడ్డవాళ్ళంతా నవ్వారు. డెస్మండ్ నవ్వలేదు. ఆ గోలు పోగొట్టింది తాత కాదు, తను. డోనట్ల సంచీ పట్టుకుని తలొంచుకుని బయటపడ్డాడు.

తాత అంటే రూబెన్ స్టోల్ట. నలభై ఒక్క ఏళ్ళకే జట్టంతా కలిసి అతన్ని తాతను చేసేసింది. నెబ్రాస్కా మొక్కజొన్న చేలలోంచి వచ్చిన మనిషి. పంతొమ్మిదేళ్ళలో ఐదు జట్లు "ఇక చాల్లే" అని పంపించేశాయి. పంపించిన ప్రతిసారీ బావమరిదితో కలిసి ఇళ్ళకు పైకప్పులు వేసుకుంటూ, సాయంత్రాలు హైస్కూలు మైదానంలో ఒక్కడే బంతులు తన్నుకుంటూ, ఎవరో ఒకరు పిలిచేదాకా ఆగాడు. మూడడుగులు వెనక్కి, రెండడుగులు పక్కకి. ఎన్నేళ్ళైనా అవే ఐదడుగులు. ఎముకలు విరిగేలా ఢీకొట్టుకునే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలో గంటలకొద్దీ గీత అవతల ఊరికే నిలబడి, డెబ్బై వేల మంది ఊపిరి బిగబట్టే ఆ ఒక్క క్షణానికి లోపలికి వెళ్ళడం! ఆరేళ్ళుగా పక్కన మోకాలేసి కూర్చుని చూస్తున్నా, డెస్మండ్‌కి ఆ మనిషి ఇప్పటికీ ఒక అద్భుతమే.

డెస్మండ్ పని రూబెన్‌కి బంతి పెట్టడం. హాంక్ అనే భారీ మనిషి ముందు వంగి నిలబడి కాళ్ళ సందులోంచి బంతి వెనక్కి విసురుతాడు. డెస్మండ్ దాన్ని అందుకుని, నేలమీద నిలబెట్టి, వేలితో తిప్పుతాడు. బంతికి ఒక పక్క కుట్లు ఉబ్బెత్తుగా ఉంటాయి. అవి గోలు వైపుండాలి. తన్నేవాడి వైపుంటే కాలు వాటి మీద పడి బంతి దారి తప్పుతుంది. అందుకోవడం, పెట్టడం, తిప్పడం, తన్నడం, అంతా కలిపి ఒకటిన్నర సెకను కూడా పట్టదు. మొన్న ఆదివారం తడి మంచుకి బంతి చేతిలో జారింది. కుట్లు రూబెన్ వైపే ఉండిపోయాయి. బంతి గోలు కుడి స్తంభానికి కొట్టుకుని కింద పడింది. ఒక్క పాయింటుతో ఆట పోయింది.

మైకులన్నీ తీసుకొచ్చి రూబెన్ మూతి దగ్గర పెట్టారు.

"నేనే గురి తప్పాను," అన్నాడు.

"అది కాదండీ, కుట్లు గనక ఇటు..." అని ఒకాయన మాట అందించబోయాడు.

"తన్నింది నేను. తప్పింది నేను." అంతే. తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు.

ఈ పనివాళ్ళలో అదొక కట్టుబాటు. గురి తప్పితే, బంతి పెట్టినవాడి పేరు తన్నినవాడి నోట రాదు. కట్టుబాటే కావచ్చు. కాని తన ఉద్యోగం ఊడే వేళ దాన్ని నిలబెట్టుకునేవాళ్ళు ఎందరుంటారో చెప్పండి!

మంగళవారం ఆటగాళ్ళకి సెలవు. సెలవునాడు తన్నేవాళ్ళని బయటినుంచి పిలిపించారంటే దాని అర్థమేమిటో అక్కడ అందరికీ తెలుసు. ఆరుగురొచ్చారు. తలా పది బంతులు. మరి వాళ్ళకి బంతి పెట్టేదెవరు? ఇంకెవరు, డెస్మండే. స్నేహితుడి చోటు కోసం వచ్చినవాళ్ళకి తన చేత్తోనే పీట వేయాలి.

పైగా, గీత దగ్గర జేబుల్లో చేతులు పెట్టుకుని రూబెన్ నిలబడి ఉన్నాడు.

"నువ్వెందుకొచ్చావు తాతా? నీ కళ్ళతో చూడాలా ఇది?"

"ఇంట్లో ఉంటే మా ఆవిడ గ్యారేజీ సర్దమంటుందిరా," అన్నాడు రూబెన్.

ఐదుగురు ఎక్కడో ఒకచోట గురి తప్పారు. ఆరోవాడు కోల్బీ. గిడ్డంగిలో పెట్టెలు మోసే పనికి ఒకరోజు సెలవు పెట్టి వచ్చాడట. తొమ్మిదికి తొమ్మిదీ వేశాడు. పదోది యాభై గజాలు. హాంక్ విసిరాడు. డెస్మండ్ అందుకుని నిలబెట్టాడు. కుట్లు కోల్బీ వైపున్నాయి.

తిప్పకపోతే? ఎవరడుగుతారు? చలికి వేళ్ళు కొయ్యబారాయంటే సరి. తాత నిలబడతాడు, తను చేసిన తప్పూ కొట్టుకుపోతుంది. డెస్మండ్ వేలు ఆగింది. రెప్పపాటులో సగం కూడా ఉండదు ఆ ఆగడం.

తిప్పేశాడు. బంతి గోలు నట్టనడుమ నుంచి పోయింది. కోల్బీ గాల్లోకి ఎగిరి గంతేశాడు. డెస్మండ్‌కి అక్కడే కూలబడి ఏడవాలనిపించింది.

లేచి తిన్నగా కోచ్ గ్యారిటీ గదికి వెళ్ళాడు.

"కోచ్, ఆదివారం తప్పు నాది. కుట్లు నేను..."

"వీడియో నా దగ్గరా ఉందయ్యా. పదిసార్లు చూశా. తాతని పిలిచి అడిగా కూడా. ఏమన్నాడో తెలుసా? 'కుట్లు చూశారు, సరే. ఆ తర్వాత నేను తన్నడం కూడా చూశారుగా' అన్నాడు. అలాంటి మొండిఘటంతో నేనేం చెయ్యను?"

"మరి ఇప్పుడు?"

"ఈ ఆదివారం ఒక్కటి చూస్తా. తప్పాడా, సోమవారం కోల్బీ ఒప్పందం మీద సంతకం పెడతాడు. పైవాళ్ళు నా మాట వినరు. పో, పోయి చేతులు వెచ్చగా ఉంచుకో."

ఆదివారం రానే వచ్చింది. ఏది జరగకూడదని డెస్మండ్ వారమంతా మొక్కుకున్నాడో అదే జరిగింది. జట్టు రెండు పాయింట్లు వెనక, మిగిలింది మూడు సెకన్ల ఆట, గోలు పడితే మూడు పాయింట్లు, దూరం యాభై రెండు గజాలు. సరస్సు మీంచి గాలి చెవులు తెగ్గోస్తోంది. డెస్మండ్ మంచులో మోకాలేశాడు.

సరిగ్గా అప్పుడే ఎదుటి జట్టువాళ్ళు టైమ్ అవుట్ అడిగి ఆట ఆపించారు. తన్నేవాణ్ణి కాసేపు నిలబెట్టి భయంతో ఉడికించడం వాళ్ళ ఎత్తు. ఆ కాసేపు అతనితో ఎవరూ మాట్లాడకూడదు. పలకరిస్తే పాపమన్నట్టు జట్టంతా మొహాలు తిప్పుకుంది. రూబెన్ బూటుతో మంచు పక్కకి గీకుతున్నాడు. ఆరేళ్ళలో ఇలాంటి వేళ ఒక్కసారి కూడా నోరు విప్పని మనిషి, ఆరోజు విప్పాడు.

"నీ వేలు ఆగిందిరా."

"ఏంటి తాతా?"

"మంగళవారం. పదో బంతికి."

డెస్మండ్ తలెత్తాడు. "చూశావా?"

"ఆరేళ్ళుగా నేను చూసేది ఆ వేలునేగా. ఇంకేం చూస్తాననుకున్నావు?"

"తాతా, నేను..."

"ఆగింది, మళ్ళీ తిప్పావు. నా చోటు పట్టుకుపోవడానికొచ్చినవాడికి కూడా తిప్పావు. అలాంటి చెయ్యి పక్కనుంటే నాకు భయమేంట్రా? ఊఁ, బంతి పెట్టే చోటు చూపించు."

డెస్మండ్ కళ్ళు తుడుచుకుని మంచు మీద వేలు ఆనించాడు.

హాంక్ విసిరిన బంతి కిందికి వచ్చింది. డెస్మండ్ నేలబారున అందుకున్నాడు, నిలబెట్టాడు, తిప్పాడు. దడాలున తలుపు వేసినట్టు చప్పుడైంది. బంతి ఎడమకి పోయింది, ఇంకా ఎడమకి పోయింది. డెబ్బై వేల మంది అయ్యయ్యో అన్నారు. రూబెన్ మాత్రం అననేలేదు. ఆ గాలి లెక్క అతనికి ముందే తెలుసు. పైన ఎక్కడో సరస్సు గాలి బంతిని పట్టుకుని మెల్లగా వెనక్కి తెచ్చింది, తెచ్చి రెండు స్తంభాల మధ్యనుంచి దాటించింది. మోకాలి మీదే ఉండిపోయిన డెస్మండ్ నోరు తెరుచుకుని చూశాడు. ఒక మనిషి కాలు అలాంటి పని చెయ్యగలదా భగవంతుడా!

ఆటగాళ్ళు బట్టలు మార్చుకునే గదిలోకి మళ్ళీ మైకులొచ్చాయి. పోయినవారం కుట్ల మాట ఎత్తినాయనే ముందు నిలబడ్డాడు.

"అంత గాలిలో ఎలా వేశారండీ?"

"డెస్మండ్ ప్రూయిట్ పెట్టాడు," అన్నాడు రూబెన్. "పేరు సరిగ్గా రాసుకోండి."

రెండు అల్మారాల అవతల బూట్లు విప్పుకుంటున్న డెస్మండ్ ఆ మాట విని, తువ్వాలు మొహాన కప్పుకున్నాడు.