ఆకాశం మంచు మాత్రమే

నవంబరులో వచ్చే సెయింట్ మార్టిన్ పండుగ నాడు ఓబర్‌గ్రాట్ ఊళ్లో కంచెలు పీకుతారు. కొండ మీది నుంచి, జనాన్ని తిరిగి పైకి మోసుకెళ్లే లిఫ్టు దాకా, మంచు మీద జారే స్కీ బాట నలుగురు రైతుల గడ్డిభూముల్లోంచి దిగుతుంది. వేసవంతా ఆవుల కోసం ఉన్న కంచెలు ఆ రోజు తీసేస్తేనే చలికాలం స్కీలు జారేది. అయితే ఎవరి కంచెలో మొదటి గుంజ వాళ్లే పీకాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు చెయ్యి వేస్తారు. కాగితం మీద ఎక్కడా లేదు గానీ, తాతల నాటి నుంచి ఈ కట్టుబాటును ఎవరూ దాటలేదు.

ఆ ఏడు పైనున్న మూడు కంచెలూ పదకొండు గంటలకల్లా లేచిపోయాయి. అందరూ గునపాలు భుజాన వేసుకుని, తలో గ్లాసెడు పండ్ల సారా పుచ్చుకుని, నవ్వుకుంటూ అఫ్రా భూమి దగ్గరికి దిగారు. అఫ్రా మొదటి గుంజ పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉంది. అరవై ఏడేళ్ల మనిషి. మొగుడు పోయి తొమ్మిదేళ్లు. ఉన్నదల్లా ఆ గడ్డిభూమీ, కొట్టంలో ఐదు ఆవులూ. నిరుటి దాకా ఏడు ఉండేవి.

"ఏమే, గుంజకు నువ్వు కాపలానా, నీకు గుంజ కాపలానా?" అంది థెక్లా. లిఫ్టు పక్కన సత్రం నడిపేది ఆవిడే. ఇద్దరూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లు, అందుకని ఆవిడ నోటికి అడ్డు లేదు.

"పీకను," అంది అఫ్రా.

నవ్వులు ఆగిపోయాయి. అఫ్రా వెండెలిన్ వంక చూసింది. అతను ఆమె చెల్లెలి కొడుకు. నీళ్లను చలిగాలిలోకి చిమ్మి మంచు చేసే ఫిరంగులన్నీ అతని చేతి కింద ఉంటాయి.

"ఒరే వెండెలిన్, నిరుడు నీ ఫిరంగి మంచు నా గడ్డి మీద మే ఇరవై దాకా కూచుంది. ఆకాశం మంచు ఈస్టర్‌కల్లా లేచిపోతుంది, దానికి మర్యాద తెలుసు. నీది పిలవని చుట్టం, కదల్దు. కింద గడ్డి కుళ్లిపోయింది. మొదటి కోతే లేదు. రెండావుల్ని సంతకు తోలేశాను."

"లిఫ్టు కంపెనీ నష్టపరిహారం ఇచ్చింది కదా పెద్దమ్మా."

"ఇచ్చింది. ఆ కాగితం ఆవు ముందు పెట్టి చూడు, తింటుందేమో!"

ఎవరో కిసుక్కున నవ్వారు. అఫ్రా నవ్వలేదు. "ఆకాశం ఎంత కురిస్తే అంతే. నా భూమి మీద ఫిరంగి మోగకూడదు. చేతిలో చెయ్యి వెయ్యి, పీకుతా."

వెండెలిన్ అందరి ముఖాలూ చూశాడు. వేరే దారి లేదు. చెయ్యి వేశాడు. ఆ ఊళ్లో చెయ్యి వేయడమంటే పత్రం రాసుకున్నదాని కన్నా గట్టి. అఫ్రా వంగి గుంజ పెకలించింది.

ఆ ఏడు ఆకాశం మొండికేసింది. డిసెంబరు నెలంతా చలి ఉంది గానీ ఒక్క పలుకు మంచు పడలేదు. పైన మూడు భూముల మీదా ఫిరంగులు మోగి మోగి తెల్లటి బాట పరిచాయి. ఆ బాట అఫ్రా సరిహద్దు దగ్గర కత్తితో కోసినట్టు ఆగింది. అక్కణ్ణుంచి లిఫ్టు దాకా రెండు వందల అడుగుల దూరం ఎండు గడ్డి, పొద్దెక్కితే బురద. క్రిస్మస్‌కు వచ్చిన అతిథులు స్కీలు విప్పి భుజాన వేసుకుని, ఆ బరువు బూట్లతో బాతుల్లా నడిచారు. ఒక రోజు నవ్వుకున్నారు. మూడో రోజు పక్క లోయకు బస్సెక్కారు.

ఊళ్లో ఎవరూ అఫ్రాను పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెకు ఎక్కువ కష్టంగా ఉంది. రొట్టెల కొట్లోకి అడుగు పెడితే అందరూ నోళ్లు మూసుకునేవాళ్లు. ఒక్క థెక్లా మాత్రం వీధిలో నిలబెట్టి కడిగేసింది. "నీ బురదంతా నా సత్రంలోనే ఉందే. నీ భూమే కదా, వచ్చి ఎత్తుకెళ్లు!" అఫ్రాకు ఆ తిట్టు ఎంతో హాయిగా అనిపించింది. వారం తర్వాత థెక్లా ఇంటికే వచ్చింది. ఈసారి తిట్టలేదు. "పండుగలయ్యాక వంటింట్లో ఇద్దర్ని మాన్పించేస్తున్నా," అని చెప్పి, కాఫీ ముట్టుకోకుండా లేచి వెళ్లిపోయింది.

తన తప్పేమీ లేదు. ఆ మాట అఫ్రా రోజుకు పదిసార్లు తనకు తానే చెప్పుకునేది. తప్పు లేనప్పుడు పదిసార్లు చెప్పుకోవడం ఎందుకో ఆమెకే తెలియదు.

జనవరి నాలుగో తేదీ పొద్దున గాలి తిరిగింది. అఫ్రా కిటికీలోంచి చూస్తే, సరిహద్దు అవతలి ఫిరంగి మంచు ఎగిరొచ్చి తన భూమి మీద ఓ పాతిక అడుగుల మేర పల్చగా పరుచుకుని ఉంది. దాని మధ్య వెండెలిన్ ఒక్కడే, పారతో ఆ మంచు ఎత్తి అవతలికి విసురుతున్నాడు. వీడికి మతి పోయిందా ఏమిటనుకుంటూ ఆమె బూట్లు తొడుక్కుని పరుగున వెళ్లింది.

"ఏం చేస్తున్నావురా?"

"గాలి మళ్లింది పెద్దమ్మా, నీ వైపు కాస్త పడింది. తీసేస్తున్నా. మధ్యాహ్నానికల్లా అయిపోతుంది." చెమటలు కారుతున్నాయి. గడ్డి గీసుకుపోకుండా చివరి పొరను చీపురుతో ఊడుస్తున్నాడు. లిఫ్టు దగ్గర ముగ్గురు పనివాళ్లు చూస్తూ నిలబడ్డారు. ఒక్కరూ నవ్వడం లేదు.

ఊరంతా మంచుకు మొహం వాచి ఉన్న ఏడాది, మంచు చేసేవాడే మంచు ఎత్తిపారేస్తున్నాడు. అఫ్రాకు సిగ్గేసింది. దానితోపాటు కోపమూ వచ్చింది. మాట ఇంత శ్రద్ధగా నిలబెట్టుకునేవాడితో ఎలా పోట్లాడడం?

"చాల్లే, ఆపు."

"చెయ్యి వేశాను కదా."

"ఆ చెయ్యి నేనే వదిలేస్తున్నా. ఫిరంగి ఇటు తిప్పు."

వెండెలిన్ పార దించాడు. "మరి గడ్డి?"

"గడ్డి సంగతి నాకు తెలుసు."

"ఊరి కోసమని మొహమాటపడకు పెద్దమ్మా. మే నెలలో నన్నే తిడతావు."

"తిడతాను. పడు. ముందు తిప్పరా!"

అరగంటకు ఫిరంగి ఆమె భూమి మీద మోగింది. అఫ్రా కొట్టంలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఈ మంచు కింద మొదటి కోత మళ్లీ పోతే, గడ్డి నాలుగు ఆవులకే వస్తుంది. ఒకటి పోవాలి. ముసలిది లీసెల్. పాలు తగ్గాయి, వెనక కాలు ఈడుస్తోంది. ఎవరినడిగినా దాన్నే అమ్మెయ్యమంటారు. కానీ లీసెల్‌ను కొనేది కసాయి ఒక్కడే. ఆల్మా అయితే వయసులో ఉంది, అన్నిటికన్నా ఎక్కువ పాలిస్తుంది, ఏ రైతైనా కళ్లకద్దుకుని కొంటాడు, బతకనిస్తాడు. ఆమె అడుగుల చప్పుడుకే తల తిప్పేది కూడా ఆల్మానే.

అఫ్రా దాని మెడ మీద ముఖం పెట్టుకుని ఏడ్చింది.

"నువ్వు బాగున్నావు కాబట్టే తల్లీ, నిన్ను పంపేది," అంది.

ఆల్మా ఆమె చెయ్యి నాకింది.