మేకు కొట్టడం రాని మనిషి

నిలువుటద్దాన్ని దుప్పటిలో చుట్టి, పసిబిడ్డను జోకొట్టి పడుకోబెట్టినట్టు లారీ గోడకు వాల్చాక గానీ అతను ఊపిరి వదల్లేదు. ఊపిరి వదలడం కూడా ఈమధ్య ఒక పనే అయింది. రెండంతస్తులు దిగేసరికి ఎడమ భుజం కింద ఎవరో తాడు బిగించి ముడి వేసినట్టుంటోంది. ముడి సడలేదాకా వీధిలోకి చూస్తున్నట్టు నటిస్తాడు. ఎవరైనా అడిగితే లారీ టైర్లలో గాలి చూస్తున్నానంటాడు.

ఇళ్ల సామాన్లు తరలించే కంపెనీలో అందరూ అతన్ని గాజన్న అంటారు. అద్దాలు, దీపాలు, పింగాణీ అతని చేతికే ఇస్తారు. మనిషి చూస్తే గాజుకూ అతనికీ చుట్టరికమే లేదు. మెడ లేదు, నడుం లేదు, మోతబరువుకు భుజాలు చెవుల దాకా పాకిపోయాయి. వేళ్లు మాత్రం పూలు కట్టేవాడివి.

“రేపు పండగ పెట్టుకుని ఇవాళ ఇల్లు మారే మహానుభావులెవరన్నా?” అన్నాడు లారీ డ్రైవరు.

“ఇంటివాడు పొమ్మంటే పండగని ఆగుతాడా?”

ఇద్దరూ మళ్లీ పైకెక్కేసరికి గోడల మీద ఆ ఇంటివాళ్లు కట్టుకున్న రంగుకాగితాల తోరణాలు ఇంకా వేలాడుతున్నాయి. గాజన్న వాటిని చిరక్కుండా విప్పి, మేకులు ఒక్కొక్కటే పీకాడు.

“నీకేం అన్నా, సొంతింట్లో క్రిస్మస్. వదిన ఈపాటికి ఇల్లు పెళ్లిపందిరి చేసేసుంటుంది.”

“ఆఁ,” అన్నాడు గాజన్న.

నిజానికి ఆ సొంతిల్లు ఇంకా ఇల్లు కాలేదు. మారి నెలయింది. పొయ్యి, పరుపు, నాలుగు గిన్నెలు తప్ప అతను ఏదీ విప్పలేదు. పెట్టెలన్నీ గుమ్మం పక్కనే ఉన్నాయి, బరువైనవి కింద, తేలికవి పైన, రేపే లారీ వస్తుందన్నట్టు. పెళ్లయిన నాటి నుంచీ అద్దె ఇళ్లే. ఏ ఇంటివాడైనా తాళంచెవితో పాటు ఇచ్చిన మాట ఒకటే, గోడకు మేకు కొట్టొద్దని. గడియారం బీరువా మీద పడుకునేది. క్యాలెండరు కిటికీ ఊచకు వేలాడేది. పెళ్లి ఫొటో ట్రంకుపెట్టెలోనే పసుపెక్కింది. పొద్దున లేస్తే ఇళ్లు ఖాళీ చేయడమే పనైన మనిషికి, ఇల్లంటే ఖాళీ చేసేది అనే లెక్క ఒంటికి పట్టేసింది.

సాయంత్రం మెట్లెక్కి గుమ్మంలో అడుగు పెట్టేసరికి భార్య స్టూలెక్కి ఉంది. చేతిలో కాగితం నక్షత్రం.

“వచ్చావా మహారాజా! పెట్టెలు ఈ పూట విప్పుతానన్నావు.”

“విప్పుతాలే. తొందరేముంది?”

“నెలనాళ్ల నుంచీ అదే పాట. పక్కింటామె అడిగింది, మీరు వచ్చినవాళ్లా పోతున్నవాళ్లా అని. ఏం చెప్పమంటావు?”

అతను చెప్పులు విడిచి తోరణం కొస అందుకున్నాడు. ఆమె ఒక కొస, అతనొక కొస. ఎరుపు, పసుపు, పచ్చ కాగితాలు కిటికీ నుంచి కిటికీకి సాగాయి. కాసేపు ఇద్దరూ కొత్తగా పెళ్లయినవాళ్లలాగే ఉన్నారు. ఆమె కూనిరాగం కూడా తీసింది. అంతలో ఆమె చెయ్యి అతను వేసిన ముడికి తగిలింది. తోరణమంతా ఒక్క లాగుకు జర్రున జారి కింద పడింది.

“మనింట్లో కూడా జారుముడేనా?” అంది.

“విప్పేటప్పుడు తేలిగ్గా ఉంటుందని...”

“కట్టేటప్పుడే విప్పడం గురించా?”

నక్షత్రాన్ని అతను గోడకు ప్యాకింగ్ టేపుతో అంటించాడు. ఊడింది. మళ్లీ అంటించాడు. మళ్లీ ఊడింది.

“మేకు కొట్టు,” అంది ఆమె, సుత్తి చేతికిస్తూ.

“గోడ పాడవుతుందే.”

“ఎవరి గోడ?”

మేకు పట్టుకున్నాడు. అవి మేకులు పీకిన చేతులే గానీ కొట్టిన చేతులు కావు. నెత్తిన కొట్టడం మాని, వదులు చేసే అలవాటు కొద్దీ పక్కల నుంచి తట్టాడు. మేకు వంగింది. కొత్త సున్నం బొరబొరా రాలింది. ఆమె ముందు నవ్వింది. నవ్వు సగంలోనే విరిగింది.

“నీతో కాపురం లారీ ఎక్కినట్టే ఉందయ్యా. ఎక్కడ దించుతావో తెలీదు. ఈ ఒక్క ఇంట్లోనైనా ఉంటావనుకున్నా. ఉండవు. నీ కాలెప్పుడూ గడపకు అవతలే.”

అతను సుత్తి ఆమెకిచ్చి కుర్చీలో కూలబడ్డాడు. భుజం కింద ముడి బిగిసింది. చెబుదామనుకున్నాడు. పండగ పూట ఎందుకులే అనుకున్నాడు.

ఆమె స్టూలెక్కి, ఇంకో మేకు తీసి కోపమంతా దాని నెత్తిన దించింది. మేకు దిగింది. నక్షత్రం నిలిచింది.

“వంకరగా ఉందా?”

పలుకు లేదు.

“అలిగావా? అలుగు. నీకు వచ్చిన పని అదొక్కటేగా.” నక్షత్రాన్ని ఎడమకు జరిపింది, కుడికి జరిపింది. “వంకరుందో లేదో చెప్పడానికి కూడా నోరు పడిపోయిందా? పోతే పో! నీ లారీలోకే పో!”

అని వెనక్కి తిరిగింది. అతను నక్షత్రాన్నే చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు అతన్ని కంపెనీ వాళ్లే వచ్చి మోశారు. మెట్లు ఇరుకు. “తల వైపు ఎత్తండ్రా... మలుపు, మలుపు జాగ్రత్త,” అని డ్రైవరు నోరు దాని పాటికది అనేసింది. అనేశాక పళ్లు బిగించాడు. గోడకు గీత కూడా పడకుండా దించారు.

మట్టి చేసి వచ్చాక డ్రైవరు గుమ్మం పక్కనున్న పెట్టెల వరస చూశాడు.

“విప్పకపోవడమే మంచిదైంది వదినా. మీ అన్నగారింటికి వెళ్తానంటే సాయంత్రానికల్లా ఎత్తేస్తాం. మళ్లీ కట్టే పనుండదు.” పాపం, ఓదార్పే అనుకుని అన్నాడు.

“పోయేవాడు పోయాడు. నేనెక్కడికీ పోను,” అంది ఆమె.

వంటింట్లోంచి కత్తి తెచ్చి పై పెట్టె టేపు కోసింది. తర్వాత దాని కిందిది కోసింది.

“కూర్చోండి. పొద్దుట్నుంచీ మోశారు. టీ తాగి పొండి.”

నాలుగో పెట్టెలో గ్లాసులున్నాయి. అతను చుట్టినవే, ఒక్కొక్కటీ పాత పేపరులో పొరలు పొరలుగా, అడుగున మడత, మూతి దగ్గర మెలిక. ఆమె నేల మీద చతికిలబడి, మొదటి దాని మెలిక విప్పి గ్లాసును మెల్లగా పైకి లాగింది. గ్లాసు చేతిలోకి వచ్చేసింది. కాగితం మాత్రం ఎక్కడా నలగకుండా, గ్లాసు ఆకారంలోనే నేల మీద నిలబడి ఉంది.