ఐదో తండ్రి

పంకజాక్షి లెక్కల మిషన్ పిడి మళ్ళీ తిప్పింది. మళ్ళీ అదే మైనస్.

నాలుగు దొడ్లు, దొడ్డికొక పొట్టేలు. పుట్టిన గొర్రెపిల్లల బరువులో తండ్రి వాటా ఎంతో తేల్చడమే ఆమె థీసిస్.

కాగితం చూసి ప్రొఫెసర్ కృష్ణమూర్తి కళ్ళజోడు తీశారు. "ఏమ్మా, నీ పొట్టేళ్ళు బిడ్డలకు ఏమీ ఇవ్వకపోగా, ఉన్నది కూడా లాక్కున్నాయా? సున్నా కంటే తక్కువ వారసత్వం ఎక్కడైనా ఉంటుందా? సోమవారంలోగా తప్పు దొరక్కపోతే ఈ ఏడాది థీసిస్ లేదు."

లెక్కలో తప్పు లేదని పంకజాక్షికి తెలుసు. అయితే తప్పు మందలోనే ఉండాలి.

తెల్లారీ తెల్లారక ముందే సైకిలు తొక్కుకుంటూ కాలేజీ గొర్రెల ఫారానికి వెళ్ళి కంచె దగ్గర కూర్చుంది, చిన్నప్పుడు బడి వదిలాక నాయన గొర్రెల దగ్గర కూర్చున్నట్టే. పిల్లలు తోకలాడిస్తూ పాలు కుడుస్తున్నాయి. అన్నింటికీ వేలాడే పొడుగు చెవులే. ఒకదానికి మాత్రం కురచ. అదిగో, ఇంకోదానికీ! పక్క దొడ్డిలోనూ ఉన్నాయి!

ఫారంలో తల్లి గొర్రెలవీ, నాలుగు పొట్టేళ్ళవీ పొడుగు చెవులే. తల్లీ తండ్రీ ఇద్దరివీ పొడుగు చెవులైతే కురచ చెవుల పిల్ల పుట్టదు. చెవుల్లేని పొట్టేలు కలిస్తేనే ఇలా నడిమి రకం చెవులు వస్తాయి.

"ఎల్లప్పన్నా! చెవుల్లేని పొట్టేలు యాడన్నా ఉండాదా?"

మేత వేస్తున్న ఎల్లప్ప నవ్వాడు. "గంగమ్మకు వదిలింది ఉండాది గదమ్మా. చెవులు మొగ్గల మాదిరి. దానికి కంచె ఒక లెక్కా?"

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు ఫారం పొట్టేళ్ళ గురించి అడిగితివి. అది అమ్మవారిది. దాన్ని తరిమేదానికి ఎవురికి ధైర్యం? మా లెక్కలో అది పొట్టేలే కాదు."

అంతలోనే, పసుపు పూసిన తలతో, మెడలో వేపమండతో, ఆ దొర దర్జాగా వచ్చి ఒక్క గెంతులో కంచె దాటి తౌడు తొట్టిలో మూతి పెట్టాడు. పంకజాక్షి పకపకా నవ్వేసింది.

ఇన్నాళ్ళూ ఫారం పొట్టేళ్ళ పేర లెక్కేసిన కురచ చెవుల పిల్లలన్నింటినీ వేరే తండ్రి కింద రాసుకుని, కాలేజీకొచ్చి పిడి తిప్పింది.

"మైనస్ పోయింది సార్!" మెట్ల మీంచే అరిచింది.

కృష్ణమూర్తి పట్టిక చూశారు. "ఐదో తండ్రా? దీనికి నంబరు లేదే?"

"అమ్మవారి పొట్టేలు సార్. దానికి నంబరు వెయ్యనీరు."

ఆయన మీసాల్లో నవ్వు దాచుకున్నారు. "అలాగే రాయి. ఎగ్జామినర్ అడిగితే చెవులు చూపిద్దాం."