ఒక్క వరద మేట

నాగులమ్మకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి! రెవిన్యూ ఇన్‌స్పెక్టరు చెప్పులకు ఇసక అంటకుండా గట్టు మీదే నిలబడి, ఆమె అరెకరం చేను వైపు ఓ చూపు పారేసి, "ఇది ఏరేనమ్మా. ఏటి పోరంబోకని రాస్తా" అన్నాడు. పక్కనే లారీల మల్లికార్జునం తలాడించాడు. ఏరని రాస్తే ఇసకంతా అతని లారీలకెక్కుతుంది. నాగులమ్మ పట్టా చిత్తుకాగితమవుతుంది.

నెల కిందట, తొంభై ఆరు కార్తీకంలో, బొగ్గేరు పొంగి ఆత్మకూరు పక్క చేలన్నీ ముంచేసింది. నీళ్ళు తీసేసరికి ఆమె చేను నడుంలోతు ఇసక మేట కింద ఉంది.

"మా తాతల నాటి నుంచీ ఇది ఏరే సార్" అన్నాడు మల్లికార్జునం.

"నీ నోట మన్ను బడ! సార్, యాడికీ పోవాకండి. మన్నునే అడుగుదాం."

నాగులమ్మవి నలభై ఏళ్ళుగా బావులు తవ్విన చేతులు. పార అందుకుని తవ్వింది. ఏ పొర మన్ను ఆ పొరకు వేరే కుప్ప పోసింది. బావులు తవ్వేవాళ్ళ ఆనవాయితీ అది, కుప్పలు కలిపితే ఊట అలుగుతుందంటారు. పైన పెచ్చులు కట్టిన మెత్తటి ఒండ్రు బెత్తెడు. దాని కింద సన్న ఇసక, ఆ కింద గరుకు ఇసక, అడుగున గులకరాళ్ళు. ఆ తర్వాత పార నల్లరేగడికి తగిలింది. అందులోనూ జానెడు తవ్వి, ఆ రేగడినీ వేరే కుప్ప పోసింది.

"చూడండి సార్! వరద జోరు మీద ఉన్నప్పుడు రాళ్ళు దొర్లిస్తాది. జోరు తగ్గితే ఇసక దించతాది. నీళ్ళు నిలిచినాక ఒండ్రు. ఇది ఒక్క వరద! ఏరే అయితే ఈ ఒండ్రు కింద మళ్ళా ఇసక, మళ్ళా రాళ్ళు, అట్టా పోతానే ఉండాల. ఏదీ, రెండోది యాడ ఉండాది?"

మల్లికార్జునం పకపకా నవ్వాడు. "ముందే రేగడి తెచ్చి పూడ్చింటాది సార్. కుప్పలు పొయ్యడం వీళ్ళకేమన్నా కొత్తా?"

"అయితే నువ్వే చూపించరా చోటు!"

"ఈ మేట మీద నిలిపిన నా లారీ కింద తవ్వు పో. మూడు దినాలుగా ఈడే ఉండాది."

అన్నదే తడవు, ఇన్‌స్పెక్టరు లారీ తీయమన్నాడు. డ్రైవరు తిరుపాలు ముందుకు పోనిచ్చి, తనే దిగి పార పట్టాడు. అవే పొరలు, అదే వరస. అడుగున రేగడిలో, వరదకు ముందు ఎడగారు పంటలో కోసిన వరి కొయ్యకాళ్ళు వరసలు కూడా చెదరకుండా ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు చెప్పులు విడిచి గుంటలోకి దిగాడు. ఒక దుబ్బు పట్టుకుని లాగాడు. రాలేదు.

"మన్ను జూసి చెప్పేదానికి ఇదేమన్నా ఇంజనీరా సార్?" అన్నాడు మల్లికార్జునం. అతని గొంతులో ఇందాకటి నవ్వు లేదు.

నాగులమ్మ గిర్రున తిరిగింది. "నీ ఇంటి బావి తవ్వింది ఎవురు? రాయి తగిలింది, ఆపేద్దామంటివే! మన్ను జూసి, ఇంకో రెండు గజాల్లో నీళ్ళుండాయని జెప్పింది ఎవురు? నమ్మినావు. పదేళ్ళుగా ఆ నీళ్ళే తాగతా ఉండావు. నీకు నీళ్ళు కావాల్సినప్పుడు మన్ను నిజం జెప్పింది, నాకు చేను కావాల్సినప్పుడు అబద్ధం జెప్తాదా? సిగ్గులేదా నీకు!"

ఇన్‌స్పెక్టరు గుంటలో నిలబడే కాగితం మీద రాశాడు. నాగులమ్మ ఆ మాట రెండుసార్లు చదివించుకుంది: పట్టా భూమి, ఒక్క వరద ఇసక మేట.

అయినా ఆమె కోపం దిగలేదు. సగం నిండిన లారీని చూపించి, "అందులో ఇసక ఎవురిది?" అంది.

యజమాని వైపు చూడకుండానే తిరుపాలు లారీ ఎక్కి పారతో ఇసక కిందికి తోయసాగాడు.

"ఒరే, ఆడ కాదురా!" అని అరిచింది నాగులమ్మ. "అది రేగడి కుప్ప. నా చేను మన్నులో కలపబాక!"