మాస్టారి కత్తెర

దుకాణం ముందు గదిలో మాస్టారు ఉంటారు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, నోటి నిండా కబుర్లు. ఆయన కోటు కత్తిరిస్తే వంక పెట్టడానికి ఉండదని ఊరంతా చెప్పుకుంటుంది. ఆయన కత్తెర పట్టి ఎన్నేళ్లయిందో మాత్రం ఊరికి తెలియదు. తెర వెనక నిలబడి మందపాటి గుడ్డలు కత్తిరించేది ఆయన భార్య. పెళ్లయిన కొత్తలో సాయానికని ఆవిడ అందుకున్న కత్తెరను ఆయన మళ్లీ అడగలేదు. పేరు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు.

ఉన్నట్టుండి ఆవిడ కుడిచేతి మధ్యవేలు మొండికేసింది. పొద్దున లేచేసరికి అరచేతిలోకి ముడుచుకుని ఉండేది. ఎడమచేత్తో లాగితే టక్కున తెరుచుకునేది, ప్రాణం పోయినంత పనయ్యేది. వేలి మొదట్లో చిన్న గడ్డ చేతికి తగిలేది.

మాస్టారే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. వేలిని ముడిచే తాడు లాంటిది ఒక సన్నటి గొట్టంలోంచి జారుతుందని, ఆ దారి ఇరుకైపోవడంతో వేలు పట్టేస్తోందని డాక్టరమ్మ చెప్పింది. షుగరు లేదని తేల్చుకున్నాక, చేత్తో ఏం పని చేస్తారని అడిగింది. ఆవిడ నోరు తెరిచేలోపే మాస్టారు అందుకున్నారు.

"ఇంటి పనేనండీ. బట్టలు పిండుతుంది."

డాక్టరమ్మ ఇంజెక్షన్ ఇచ్చి, వేలు ముడవకుండా పట్టీ వేసి, బట్టలు పిండటం మానేయమంది.

మాస్టారు మాట తప్పే మనిషి కాదు. మర్నాటి నుంచి బట్టలు తనే పిండి, వీధిలోకి కనబడేలా ఆరేశారు. చుట్టుపక్కల ఆడవాళ్లు తమ మొగుళ్లకు ఆయన్ని చూపించి దెప్పారు. తెర వెనక ఆవిడ పట్టీ విప్పేసి కోట్లు కత్తిరిస్తూనే ఉంది. ఆయన మీద పొగడ్తలు చెవినపడి ఒళ్లు మండిపోయేది. కొన్నాళ్లకు వేలు మళ్లీ మొదటికొచ్చింది.

రెండోసారి వెళ్లినప్పుడు ఆవిడ ఆయనకు సందివ్వలేదు.

"బట్టలు కాదండీ. దుకాణంలో కత్తిరింపంతా నాదే."

మాస్టారు గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉండిపోయారు. ఇక చిన్న ఆపరేషన్ తప్పదని, చెయ్యి మొద్దుబార్చి ఆ ఇరుకు తెరిచేస్తానని, అదే రోజు ఇంటికెళ్లొచ్చని, పూర్తిగా మానేదాకా కత్తెర ముట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడకు భయం కన్నా సంతోషమే ఎక్కువైంది. కోట్లు ఆగిపోతే, ఎందుకు ఆగాయో ఆయన చెప్పక చస్తారా?

దుకాణం వదిలి రాలేనన్నారు మాస్టారు. ఆవిడ చెల్లెలు తోడెళ్లింది. సాయంత్రం చేతికి కట్టుతో ఆవిడ తిరిగొచ్చేసరికి మాస్టారు కుర్చీలో నీరసంగా కూర్చుని ఉన్నారు. ఆయన మధ్యవేలికీ తెల్లగా కట్టుంది. పాత ఖాతాదారు ఒకాయన ఆ చెయ్యి నిమురుతున్నాడు.

"ఇన్నేళ్లు కత్తెర పట్టిన చెయ్యి, అరిగిపోదటమ్మా? ఆపరేషన్ దాకా వచ్చిందట. కాస్త కనిపెట్టి చూసుకో," అన్నాడు ఆవిడతో. అప్పుడు ఆవిడ చెయ్యి చూసి, వంటింట్లో కాల్చుకున్నావా అని అడిగాడు.

ఆవిడ మాస్టారి పక్కన కూర్చుని, ఎడమచేత్తో ఆయన కట్టు విప్పడం మొదలుపెట్టింది. ఎదుట మనిషి ఉండటంతో ఆయన చెయ్యి లాక్కోలేకపోయారు. వేలు నిగనిగలాడుతూ బయటపడింది.

"చూడండి," అంది ఆవిడ.

ఖాతాదారు కళ్లజోడు పెట్టుకుని వేలిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అబ్బ, మచ్చయినా లేదే. డాక్టరు చెయ్యి తిరిగినవాడన్నమాట. ఇంకేం మాస్టారూ, నా కోటు వచ్చే వారానికి ఇచ్చేస్తారుగా?"

"దానికేం భాగ్యం, ఇచ్చేస్తాను," అన్నారు మాస్టారు.