ఎర్ర నూలు ముందు చూసిన నెత్తురు

వేలు స్పిరిట్‌తో తుడవాలి. సూదితో పొడవాలి. నెత్తురును సన్న గాజుగొట్టంలోకి గీత దాకా పీల్చి ఆమ్లంలో కలపాలి. పది నిమిషాలు ఆగాలి. అది గోధుమరంగుకు తిరిగాక, పక్కనున్న నమూనా గాజు రంగుతో కలిసేదాకా చుక్కచుక్కగా నీళ్లు పోయాలి. నీళ్లు ఎంత ఎక్కువ పడితే నెత్తురు అంత బాగున్నట్టు; గొట్టం మీది గీత చూసి ఎన్ని గ్రాములో రాయాలి.

1957లో సోలాపూర్ భవాని పేట్‌లో ఆసుపత్రి తరఫున గర్భిణుల ఇళ్లకు వెళ్లి నేను చేయాల్సిన పనులివి. మా సాలోళ్ల గల్లీలో బీఎస్సీ చదివిన మొదటి ఆడపిల్లను. ఏ తల్లికి నెత్తురు తక్కువుందో, ఏ కాన్పు ప్రమాదమో ముందే కనిపెట్టాలి. ఎనిమిది గ్రాములకు తగ్గితే ఆసుపత్రికి పంపాలి.

బీడీలు చుట్టే చంద్రభాగకు ఏడో నెల. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పుట్టగానే పోయారు.

"ఎడమ చెయ్యి పొడువు వదినా. కుడి చెయ్యి బీడీలకు కావాలె" అంది.

"మరి మొగని చెవి ఏ చేత్తోని పిండుతవే?" అంది ద్రౌపది పెద్దమ్మ. మా అమ్మకు అక్క. అదే వాకిట్లో నూలుకు రంగులేసి ఆరేస్తుంది.

పది గ్రాములు వచ్చింది. "భయం లేదు" అన్నాను.

పెద్దమ్మ దగ్గరికొచ్చింది. "ఏంది పిల్లా, ఎర్ర నూలు ముందర పట్టుకొని రంగు చూస్తున్నవా? కన్ను మోసపోతది. ఎనక తెల్లగుడ్డ లేంది మేం చాదర్ నూలు గూడ కలపం. కాలేజీల చెప్పలే?"

చెప్పారు. పరికరం వెనక ఉండాల్సిన తెల్లగాజు బిళ్ల పోయిన వారమే పగిలింది. ఎండ వెలుతురు చాలనుకున్నది నేనే.

మళ్లీ పొడిచాను. పెద్దమ్మ చేతులు కడుక్కొని, రంగు తగలని తెల్ల తువ్వాలను గొట్టం వెనక పట్టుకుంది. నేను నీళ్లు వేస్తున్నాను.

"థాంబ్! ఆగు, ఇంకో చుక్క వెయ్యకు. కలిసింది" అంది పెద్దమ్మ.

ఆరు గ్రాములు.

ఆ మధ్యాహ్నమే చంద్రభాగను టాంగాలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇనుము ఇంజెక్షన్లు ఇచ్చారు. నెలలు నిండాక మళ్లీ చూస్తే పది దాటింది, ఈసారి తెల్లగుడ్డ ముందే. ఆడపిల్ల పుట్టింది. ఆరు పౌండ్లు. ఏడుపు వరండా దాకా వినపడింది.

"ఎట్ల పట్టుకున్నావు?" అని డాక్టరమ్మ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. నా తప్పు కూడా. ఆ రోజు రిజిస్టరులో పది కొట్టేసి ఆరు రాసిన చోట, పక్కనే ఇలా ఉంటుంది: "రంగు సరిచూసినది, ద్రౌపది." ఆమెకు సంతకం రాదు. నేనే రాశాను. నా డిగ్రీ కాగితం కన్నా ఆ వరుసను చూసుకుంటే నాకు గర్వం.

మీ ఇంట్లో ఏ గర్భిణికైనా నెత్తురు పరీక్ష చేయిస్తే, తెల్ల తువ్వాలు పట్టుకు నిలబడ్డ మా ద్రౌపది పెద్దమ్మను ఒక్కసారి తలుచుకోండి.